ఎదురు పైపు

దమ్మపేట దాటి అడవిలోకి తిరిగే మలుపులో ఒక రేకుల షెడ్డు ఉంది. చీకటి పడ్డాక దాని ముందు ఎవరూ బండి ఆపరు. తాళం వేసిన ఆ షెడ్డు లోపల నీలి మంట ఒకటి రొట్టెలా గుండ్రంగా, గాలిలో నిలబడుతుందని చెబుతారు.

నాకు ఈ సంగతి చెప్పినవాడు ఖాలిద్. షెడ్డు అతనిదే.

పెళ్లి వంటల పెద్ద రాగి డేగిశలకు చెవులు అతకడం అక్కడి పని. రెండు పైపులు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో గ్యాస్, రెండోదాంట్లో గోడ వెనక సిలిండర్ నుంచి వచ్చే ఆక్సిజన్. అవి కలిసే చోట మంట పలచటి బిళ్లలా నిలుస్తుంది. గ్యాస్ దగ్గర ఖాలిద్, ఎదురు పైపు దగ్గర హమీద్ కూర్చునేవారు. జోరు ఎక్కువైతే బిళ్ల నడుమ చిల్లు పడుతుంది. చిల్లు అంచు బయటికి పాకితే మంట ఆరిపోతుంది. అప్పుడు హమీద్ తన వైపు జోరు తగ్గించేవాడు — అంచు వెనక్కి పాకి చిల్లు పూడేది.

పని ఇద్దరిదీ. ఊరు మాత్రం ‘హమీద్ అతుకు’ అనేది. పోయిన వానాకాలం జ్వరంతో హమీద్ పోయాడు. పేరు పోలేదు.

ఒకరోజు వంటల ఎర్రమ్మ చెవి ఊడిన డేగిశ తెచ్చింది.

“హమీద్ లేకపాయె. నీతోని అయితదా?”

“నాకు చేతుల్లేవా అక్కా?”

“ఉన్నయ్‌లే. రేపు పెండ్లి వంట. మళ్ల ఊడితే నీ గడప తొక్క.”

ఆ రాత్రి ఖాలిద్ ఒక్కడే కూర్చున్నాడు. ఎదురు పైపు మర తిప్పి వచ్చి, మంట వెలిగించాడు. హమీద్ కంటే జోరుగా చేయాలని గ్యాస్ పూర్తిగా తెరిచాడు.

చిల్లు పడింది. అంచు పాకుతోంది... పాకుతోంది... చివరికి మంట చేతిగాజులా ఒక నీలి చుట్టు మాత్రమే మిగిలింది.

తగ్గిస్తే అది హమీద్ పద్ధతే. ఖాలిద్ చెయ్యి కదపలేదు.

ఎదురు పైపు సవ్వడి దానంతటదే తగ్గింది. అంచు ఆగింది — మెల్లగా లోపలికి వచ్చి పూడుకుంది.

ఆక్సిజన్ అయిపోవస్తోందనుకున్నాడు. అతుకు ముగించి గోడ వెనక్కి వెళ్లి చూశాడు. సిలిండర్ లేదు. పైపు కొస గడ్డిలో పడి ఉంది.

సిలిండర్ల డీలర్ మనిషి సోహైల్‌కు ఫోన్ చేశాడు.

“ఖాళీ అయిందని పొద్దుగాలనే తీసుకపోయినం భాయ్.”

తెల్లారి ఎర్రమ్మ అతుకు మీద వేలు రాసి చూసింది.

“ఇది హమీద్ అతుకే కదరా...”

“భయం వేయలేదా?” అని ఖాలిద్‌ను అడిగాను.

“భయమేంది సార్. చచ్చినంక గూడ పేరు వాడే కొట్టేసిండు. ఒళ్లు మండి తాళమేసిన.”

ఖాలిద్ గొంతు తగ్గించాడు.

“అయినా మంట నిలబడుతున్నదంట... నా జాగల ఎవల్ని కూసోబెట్టుకున్నడు సార్?”