తలకిందుల బాణం

"తలకాయలు వొంచండి! పైన రాయి కత్తిలాగుంది!" జోగిరెడ్డి కేక గుహ గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది.

ముందు కొండరెడ్ల గైడు జోగిరెడ్డి, వెనుక పేరిందేవి, ఆఖరున మృత్యుంజయం మాస్టారు పాకుతున్నారు. గవ్వలకొండ గుహకు దారి చూపే పటం ఒక్కటే ఉంది. ఎనిమిదేళ్ళ కిందట మాస్టారు గీసుకున్నది. దాన్ని ఇన్నాళ్ళూ దాచడానికి, ఇవాళ బయటికి తీయడానికి కారణం ఆయన సంచిలోనే ఉంది, కొబ్బరికాయంత రాయి.

గోడ నుంచి రాయి తీసేముందు ఏ వైపు పైకి ఉందో తెలిసేలా దాని మీద బాణం గీయాలి. జియాలజీలో అది అన్నం ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది. ఆ రోజు మాస్టారు మరిచిపోయారు. బసకు చేరాక గుర్తొచ్చి, ఇలాగే ఉండి ఉంటుందిలే అని గీసేశారు. దాన్నే నమ్మి, ఇక్కడి ప్రాచీన సముద్రం రానురాను లోతెక్కిందని రాసి పేరు తెచ్చుకున్నారు. రెండేళ్ళకు శిష్యురాలు పేరిందేవి చుట్టుపక్కల రాళ్ళు చూసి, కాదు, లోతు తగ్గిందని థీసిస్ రాసింది. పరీక్షకు కూర్చున్న పెద్దలు మాస్టారి రాయిని బల్ల మీద పెట్టి ఆ థీసిస్‌ను తిప్పికొట్టారు. మాస్టారు ఆ గదిలోనే ఉన్నారు. నోరు విప్పలేదు. పేరిందేవి ఇప్పుడు స్కూల్లో సైన్సు చెప్పుకుంటోంది.

"మాస్టారూ, ఇదే!" పేరిందేవి టార్చి ఎత్తింది.

టార్చి వెలుగులో గోడ నిండా శిలగా మారిన సముద్రపు నాచు. అడుగున అప్పడాల దొంతరలా పలచని పొరలు, పైన నిమ్మకాయలంత ఉండలు.

"అలలు తగలని లోతులోనేగా నాచు ఇలా పలచగా పరుచుకునేది! ఉండలు చూడండి, అలలు దొర్లిస్తేనే అన్ని వైపులా పెరుగుతాయి. అడుగు పొరలే పాతవి కదా, లోతు తగ్గిందండీ! నేను చెప్పింది ఇదే!" ఆమె వేలితో గోడను కింది నుంచి పైకి చూపింది.

మాస్టారు రాయి తీసి, అప్పట్లో తన సుత్తి చేసిన గుంటలో పెట్టారు. బాణం పైకి ఉంచితే పట్టలేదు. తిరగేస్తే టక్కున కూర్చుంది. బాణం నేలను చూపిస్తోంది.

"అది ఇక్కడ గీయలేదమ్మా. బసలో ఊహించి గీశాను. నీ థీసిస్ రోజున ఆ సంగతి నాకు తెలుసు."

పేరిందేవి ఫొటోకి ఫోను తీసింది. అంతలో లోపల హోరు లేచింది.

"పైకొండల మీద వాన పడినట్టుంది, నీరొచ్చేత్తంది! పరిగెట్టండి!"

బురదనీరు మోకాళ్ళకెక్కింది. ఫోను జారి కొట్టుకుపోయింది. మాస్టారు రాయిని రెండు చేతులా లాగారు, ఊడిరాలేదు.

"వదిలెయ్యండి బాబూ! పానం ముఖ్యం!" జోగిరెడ్డి ఆయన కాలరు పట్టి ఈడ్చాడు. ముగ్గురూ ఎండలోకి పడగానే వెనుక కప్పురాళ్ళు కూలి గుహ నోరు మూసేశాయి.

ఇక ఎవరికీ రుజువు దొరకదు. ఒక్క క్షణం మాస్టారి గుండె తేలికపడింది. తేలికపడినందుకు ఆయన సిగ్గుతో చచ్చిపోయారు.

"నా థీసిస్ రోజే చెప్పుంటే సరిపోయేది కదండీ," అంది పేరిందేవి.

ఆయన తడిసిన నోటుపుస్తకం తెరిచి రాశారు. 'బాణం గుహలో గీయలేదు. బసలో గీశాను. రాయి గుంటలో తలకిందులుగానే అమరింది. పేరిందేవి రాసిందే నిజం.' సంతకం చేశారు. సాక్షిగా జోగిరెడ్డి సంతకం పెట్టాడు.

పేరిందేవి రెండుసార్లు చదివి పుస్తకం తిరిగిచ్చింది.

"తారీఖు వెయ్యలేదు మాస్టారూ."

తారీఖు లేని రాత చెల్లదని క్లాసులో ఆమెకు చెప్పింది ఆయనే. కలం మళ్ళీ తీసి తారీఖు వేశారు.