మోసేవాళ్ళ సభ్యత్వం

ఉదయం ఏడు గంటలు. మబ్బు పట్టి ఉంది. తూర్పు గాలి ఇంకా మెల్లగానే వీస్తోంది.

దిబ్బలపాలెం వేలం షెడ్డులో ఆ రోజు చేపల పాట లేదు. సభ్యత్వాల మీటింగు.

ఆ ఊరికి సెల్ టవర్ లేదు. డాక్టర్ మృణాళిని తయారుచేసిన ‘గొలుసు’ నెట్‌వర్క్ ఉంది. ప్రతి పడవకీ, ప్రతి తెప్పకీ కొబ్బరికాయంత తెల్ల డబ్బా. ఆ డబ్బా మాట ఎంతో దూరం పోదు. పక్క డబ్బాకి అందితే చాలు, అది ఇంకోదానికి అందిస్తుంది. అలా చేతులు మారుతూ ఒడ్డున ఈ షెడ్డులో ఉన్న డబ్బాకీ, అక్కణ్ణుంచి కంప్యూటర్‌కీ చేరుతుంది. తెర మీద ఒక్కో పడవకీ ఒక్కో చుక్క. అటు పడవలోని డబ్బా మీద ఒడ్డు ఎటుందో చూపే బాణం గుర్తు. గొలుసు తెగితే చుక్కా ఉండదు, బాణమూ ఉండదు.

నూకరత్నం తెరా చూస్తుంది, సముద్రమూ చూస్తుంది. పోయిన తుపానులో ఆమె కొడుకు ఎర్రయ్య తెప్ప రెండు రోజులు కనబడలేదు. పిల్లాడు తిరిగొచ్చాడు, ఈ రోజూ వేటకెళ్ళాడు. ఆమె చేతుల వణుకు మాత్రం పోలేదు. మాటలూ తగ్గిపోయాయి.

ప్రెసిడెంటు సింహాద్రి లేచాడు. ఆమెకి మరిది వరస. ఊళ్ళో ఒక్కగానొక్క మరబోటు అతనిదే.

“బ్యాటరీలు ఊరికే రావు కదా. మూడు తరగతులు పెట్టాం. బంగారు, వెండి, మామూలు. బంగారు సభ్యుల మాట ముందు ఎల్తాది. మామూలు ఫీజు కూడా కట్టనోళ్ళ డబ్బా ఈ రోజు నుంచీ బంద్.”

తెప్పలవాళ్ళెవరూ కట్టలేదు.

“గొలుసు పలచబడుతుందండీ,” అంది కంప్యూటర్ ముందున్న మృణాళిని.

“నా పడవకి పెద్ద యాంటెనా ఉందమ్మా. కమిటీ తీర్మానం. నొక్కండి.”

ఆమె ఇష్టం లేకుండానే నొక్కింది. తెప్పల చుక్కలు ఆరిపోయాయి. ఎర్రయ్యదీ ఆరిపోయింది.

నూకరత్నం లేచింది. “డబ్బాలు మళ్ళీ వెయ్యి.”

“కట్టు వదినా, వేస్తాం.”

“కట్టను.”

పక్కింటి గుర్రమ్మ కొంగుముడి విప్పబోయింది. “నానిస్తానే అప్పా.”

“వద్దు. ఉన్నా కట్టను.” నూకరత్నం మరిది వైపు తిరిగింది. “నీ పడవ ఒడ్డుకి లాగినప్పుడు తాడు పట్టినోళ్ళని ఏ తరగతని అడిగావా?”

షెడ్డులో నవ్వులు. ఆ ఊళ్ళో పడవ ఒడ్డు తాకితే ఎవరున్నా తాడు పట్టాల్సిందే. పొద్దున్నే జుట్టుజుట్టు పట్టుకున్నవాళ్ళు కూడా పక్కపక్కన నిలబడి లాగుతారు.

“తాడు వేరు, టెక్నాలజీ వేరు వదినా.”

గాలి సముద్రం వైపు తిరిగింది. వాన ఒక్కసారిగా దిగి సముద్రాన్ని కప్పేసింది. తెర మీద సింహాద్రి పడవ చుక్క రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. అందులో అతని కొడుకు ధనరాజు ఉన్నాడు.

“ఇదేటి? నాను బంగారం కదా!”

“బంగారం నీళ్ళలో తేలదు మరి,” అంది గుర్రమ్మ.

“మీది అందరికన్నా దూరంలో ఉంది,” అంది మృణాళిని. “ఇంత వానలో ఎంత యాంటెనా ఉన్నా మీ మాట మోసేవి మధ్యలో ఉన్న తెప్పలే. వాటినే ఆపాం.”

“వేసేయండమ్మా! అన్నీ వేసేయండి!”

నొక్కింది. ఒక్క చుక్కా రాలేదు. గాలికి తెప్పలు ఒడ్డు డబ్బాకి అందనంత దూరం కొట్టుకుపోయాయి. సముద్రంలోకి పొడుచుకెళ్ళిన రాళ్ళగట్టు చివరికి ఎవరైనా ఒక డబ్బా తీసుకెళ్తే అందొచ్చంది ఆమె.

మాట పూర్తయ్యేలోపే నూకరత్నం బల్ల మీదున్న ఇంకో డబ్బా అందుకుంది.

“వదినా, అలలు గట్టు దాటేస్తన్నాయి. మగాళ్ళం ఎల్తాం, ఆగు!”

“నువ్వు ఇంకో తీర్మానం చేసుకో.”

చీర ఎగదోపింది. చేతులు వణుకుతున్నాయి, అందుకే డబ్బాని పమిటతో రొమ్ముకి కట్టేసుకుంది. అల నడుం దాకా కొట్టింది. కూర్చుంది, పాకింది, మళ్ళీ లేచింది. గట్టు చివర నిలబడి సముద్రానికి ఎదురుగా రొమ్ము విరుచుకుంది.

“రా,” అంది. ఎవరినో ఆమెకే తెలియదు.

డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. ఎవరో అందుకున్నారు. వెనక షెడ్డులోంచి కేక: “ఎర్రయ్య!” తర్వాత ఇంకో పేరు. ఇంకోటి. ఒక తెప్ప ఇంకో తెప్పని లేపుతోంది. చాలాసేపటికి సింహాద్రి గొంతు, అరుపో ఏడుపో తెలియకుండా వినిపించింది.

మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. మరబోటు అందరికన్నా ఆఖరున ఒడ్డు తాకింది. తెప్పలవాళ్ళే ముందు తాడు పట్టారు. నూకరత్నం కూడా పట్టింది.

ఆ తాడు దగ్గరే కొత్త తరగతులు తేలాయి. రెండే. మోసేవాళ్ళు, మోయించుకునేవాళ్ళు. మోసేవాళ్ళకి ఫీజు లేదు. ఎవరు ఎవరి మాట మోశారో గొలుసే చెబుతుందంది మృణాళిని. అందరికన్నా అవతల ఉండే మరబోటు ఇంతవరకూ ఎవరి మాటా మొయ్యలేదు.

“రెండో దాంట్లో నానొక్కడినేనా వదినా?” అన్నాడు సింహాద్రి.

“ఆగు. లెక్క చూసుకోనీ.”

తాడు వదలకుండానే నూకరత్నం ఒడ్డున ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ చూపుతో తడుముకుంటూ పోయింది. ఎర్రయ్య. అప్పన్న. గుర్రమ్మ మనవడు. పోలయ్య తండ్రీకొడుకులు. పడవలోంచి దూకి తూలుతూ వస్తున్నాడు ధనరాజు.

“ధనరాజు,” అంది. “అందరూ వచ్చారు.”

అప్పుడు తాడు వదిలింది.