బొగ్గు దగ్గు

“కిటికీలు మూసిందెవరు?” లాయంలో అడుగుపెడుతూనే అడిగాడు కొత్త పశువుల డాక్టర్.

నమస్కారం లేదు, పలకరింపు లేదు. టీచర్‌కి ఒళ్లు మండిపోయింది. తండ్రి నడిపే స్కూల్లో ఆరేళ్లుగా గుర్రపుస్వారీ నేర్పుతోందామె. లాయంలో ఆమెను నిలదీసినవాళ్లు ఇంతవరకూ లేరు.

“నేనే. చలిగాలికి బొగ్గుకి దగ్గు ఎక్కువవుతుందని.”

బొగ్గు ఆమె నల్ల గుర్రం. దానికి రెండేళ్లుగా దగ్గు, ఆయాసం. నలుగురు డాక్టర్లు వచ్చి నాలుగు రకాల ఇంజెక్షన్లు పొడిచారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేది. నెలాఖరుకీ ఇలాగే ఉంటే, దాన్నిక బాధపెట్టకుండా ఇంజెక్షనిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేద్దామని తండ్రి తేల్చేశాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమె ఎవరు కనిపిస్తే వాళ్ల మీద విరుచుకుపడుతోంది.

డాక్టర్ గుర్రం డొక్కకి స్టెతస్కోప్ ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత గుప్పెడు ఎండుగడ్డి తీసి దులిపాడు. దుమ్ము లేచింది. బొగ్గు ఖళ్లుఖళ్లున దగ్గింది.

“చూశారా? ఈ దుమ్ము దీని ఊపిరితిత్తులకి పడదు. మీరేమో కిటికీలు బిగించి, మెత్తగా ఉంటుందని మోకాలెత్తు గడ్డి పరిచారు. ఇక ఇంజెక్షన్లు ఏం చేస్తాయండీ? ప్రేమతోనే చంపేస్తున్నారు.”

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

“గెట్ అవుట్!” అగ్గిమీద గుగ్గిలమైంది టీచర్. “దీని ఒక్కో ఊపిరీ నాకు తెలుసు. పది నిమిషాలు చూసి నువ్వా నాకు చెప్పేది?”

“గడ్డి తడిపి పెట్టండి. కిందది తీసేసి రబ్బరు మ్యాట్ వెయ్యండి. జబ్బు పూర్తిగా పోదు, కానీ హాయిగా బతుకుతుంది,” అంటూనే అతను గేటు దాటాడు. బయట వాన దంచుతోంది. గొడుగిద్దామా అనుకుని, తడిస్తే తడవనీ అని ఊరుకుందామె.

అతను చెప్పింది తప్పని నిరూపించడానికే అన్నీ చెప్పినట్టే చేసింది. పది రోజులయ్యాక ఫోన్ చేసి కడిగిపారెయ్యాలని మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

ఆరో రోజు బొగ్గు మేతంతా తింది, తింటున్నంతసేపూ ఒక్కసారీ దగ్గలేదు. టీచర్ దాని మెడ కావిలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ వెనకే మళ్లీ కోపం, ఈసారి తన మీదే. రెండేళ్లు తన చేతులతోనే దాన్ని బాధపెట్టింది.

పదో రోజు పొద్దున్న వెనక గోడవతల ఎవరో తుమ్మారు. చీపురు పట్టుకుని పరిగెత్తింది. డాక్టర్! చేతిలో చిన్న నోటుబుక్కు.

“ఏంటిది?”

“దగ్గులు లెక్కపెడుతున్నా. మొదటి రోజు నలభై, నిన్న రెండు. లోపలికొస్తే మీరు తంతారని...”

“పది రోజుల్నుంచీ గుర్రం కోసం ఇక్కడ నిలబడ్డావా?”

“మొదటి మూడు రోజులూ గుర్రం కోసమేనండీ.”

“మిగతా ఏడు?” అని అరిచాక అర్థమైంది. చెవులు వేడెక్కిపోయాయి. ఇతని మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదని మరింత కోపమొచ్చింది.

కిటికీలోంచి తండ్రి తల బయటపెట్టాడు. “అమ్మాయ్, నీ తిట్లు తిని కూడా తిరిగొచ్చినవాడు ఇతనొక్కడే. వదులుకోకు!”

“మీరూరుకోండి నాన్నా!” అని కసిరి, డాక్టర్ వైపు తిరిగింది. “ఇంకోసారి గోడవతల కనిపించావో, కాళ్లు విరగ్గొడతా. లోపలికొచ్చి లెక్కపెట్టు.”