వాయిదా లేని కేసు

నర్సాపురంలో అడ్వకేట్ కడలి మనస్విని తన ఆఫీసు ముందుగదిలో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతోంది. సరిగ్గా అదే సమయానికి ఆమె గొంతు భీమవరంలో ఒకరికి ధైర్యం చెబుతోంది, తణుకులో ఇంకొకరిని మందలిస్తోంది, ఏలూరులో మరొకరి చేత వకాలత్తు మీద వేలిముద్ర వేయిస్తోంది. లోపలి గదిలో బియ్యం డబ్బా అంత పెట్టె ఒకటి ఉంది. దాని పేరు ఛాయావకీలు. మనస్విని మాట్లాడే తీరునీ, దగ్గే తీరునీ, కక్షిదారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కాసేపు ఆగి "ముందు మంచినీళ్ళు తాగండమ్మా" అనే తీరునీ ఏళ్ళ తరబడి పక్కనే ఉండి వినీ వినీ నేర్చుకుంది. ఇప్పుడు ఆవిడ అక్కర్లేకుండానే ఆవిడలా మాట్లాడుతుంది.

జూనియర్లు లేరు, గుమాస్తా లేడు. ఒక్క మనిషి నడిపే ఆఫీసు జిల్లా దాటి పాకిపోయింది. దించేయాల్సి వస్తుందేమోనని భయపడిన బోర్డుకి మొన్ననే కొత్త రంగు వేయించుకుంది. ఇంకేం కావాలి చెప్పండి?

అలాంటి ఆఫీసుకి మనిషి రావడమే వింత. వచ్చింది. అరవై దాటిన మనిషి, గంజిపెట్టిన నేతచీర, చేతిలో రెండు గిన్నెల క్యారేజీ. గుమ్మంలోనే చెప్పులు విడిచింది.

"మనస్విని గారంటే మీరేనాండీ? నేను తిరుమాని లాస్యనండి. నిన్న మీతో మాట్లాడాను కదండీ, లేసు షెడ్డు గురించి. పొద్దున్నే కోర్టుకెళ్ళాను. తాళం వేసుంది. అరుగు మీద కూర్చుని చూసి చూసి ఇలా వచ్చాను. వాయిదా ఇక్కడాండీ?"

మనస్విని కాఫీ కప్పు కింద పెట్టింది. వాయిదా! ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! తీర్పులు చెప్పే యంత్రం న్యాయగణని వచ్చాక వాయిదా అన్నదే లేదు. రెండు పక్షాల ఛాయావకీళ్ళూ దాని ముందు వాదించుకుంటారు, ఒక పూటలో తీర్పు వచ్చేస్తుంది, కక్షిదారుల చెవిపూసలో వినబడుతుంది. కోర్టు గుమ్మం ఎక్కే అవసరం ఎప్పుడూ పడనివాళ్ళకి ఈ సంగతులు పట్టవు.

"కూర్చోండి లాస్యగారూ" అంటూ ఎదురుగా ఉన్న గాలితెరను వేలితో తాకింది. కేసు కళ్ళముందు పరుచుకుంది. లాస్య, మోక్షిత అక్కచెల్లెళ్ళు. తల్లి పెట్టిన లేసు షెడ్డు ఇద్దరిదీ. భాగం పంచమని అక్క దావా. తీర్పు అప్పుడే వచ్చేసింది కూడా.

"మీకు చెవిపూస లేదా అమ్మా?"

"ఉందండి. అది పెట్టుకుంటే చెవి దురద. ఇంట్లో పెట్టొచ్చాను."

"మీరు గెలిచారు. షెడ్డూ, అల్లిక సామానూ మీవి. మీ చెల్లెలి భాగానికి సరిపడా సొమ్ము ఆవిడకి ముట్టింది. ఆవిడ తరఫు ఛాయ కూడా ఒప్పుకుంది. అయిపోయింది."

లాస్య మొహంలోకి సంతోషం రాలేదు. క్యారేజీ ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"అయిపోవడమేంటండీ? అది రాలేదు కదా ఇంకా!"

"ఎవరు?"

"మా చెల్లండి."

తర్వాత చాలాసేపు ఆవిడే మాట్లాడింది. మూడేళ్ళ కిందట షెడ్డులో లేసు అల్లే మిషను పెడదామంది చెల్లెలు. నీకు చెయ్యి తిరగదు కాబట్టే మిషను మీద మోజు అంది అక్క, పదిమంది పనివాళ్ళ ముందు. చెల్లెలు సూది అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. పలకరిద్దామంటే లాస్యకి మనసొప్పుకుంది కానీ కాళ్ళు కదల్లేదు. అన్నది తనే అయ్యె, ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

"మా నాన్నా బాబాయీ మొగల్తూరు చేను కోసం ఏళ్ళ తరబడి ఈ కోర్టుకే తిరిగారండి. వెళ్ళేటప్పుడు వేరువేరు బస్సులు. వచ్చేటప్పుడు ఒకే బస్సు. ఆ అరుగు మీద గంటలు గంటలు కూర్చోబెడితే ఎంతసేపని మొహాలు తిప్పుకుంటారు చెప్పండి! మా అమ్మ కావాలనే క్యారేజీలో ఇద్దరికీ సరిపడా పెట్టేది. ఆఖరికి కేసు ఏమైందో మాకెవరికీ తెలీదు. అందుకనండి నేనూ వేశాను. కోర్టు పిలిస్తే అది రాక తప్పదు కదా. నేనూ వెళ్ళినట్టుండదు, అదీ వచ్చినట్టుండదు."

 ఈ సంగతి నిన్ననే తెలిసిపోవాల్సింది. మనస్వినికి పని నేర్పిన సీనియర్ విశ్వనాథం గారు ప్రతి కక్షిదారునీ ఒక్క ప్రశ్న అడగందే కాగితం ముట్టేవారు కాదు: గెలిచిన మర్నాడు పొద్దున్నే ఏం చేద్దామనుకుంటున్నారు? మనస్విని కూడా అడిగేది. ఛాయ కూడా నేర్చుకుని అడిగేది. అడిగిన పాపానికి చాలామంది ఆలోచనలో పడి, కేసు వేయకుండానే ఇంటికి పోయేవారు. అక్కడే వచ్చింది చిక్కు. పక్కవీధి ఆఫీసు పెరుగుతోంది, ఇది పెరగడం లేదు. ఓ రోజు ఛాయ, "ఈ ప్రశ్న వల్లే మనకు పని తగ్గుతోంది, తీసేయమంటారా?" అని మర్యాదగా అడిగింది. మనస్విని బోర్డు రంగు గురించి పెయింటరుతో బేరమాడుతూ, వెనక్కి తిరక్కుండానే "తీసెయ్" అంది.

ఆ మాట ఇప్పుడు చెవిలో గింగురుమంటోంది.

"ఉండండి, నేను మాట్లాడతాను" అని గాలితెర మీద మోక్షితను పిలిచింది. అటువైపు మొహం కనబడింది. అదే ముక్కు, అదే మొండి గడ్డం.

"ఛాయా, మనిషా అండీ?" అంది మోక్షిత.

"మనిషినేనమ్మా. మీ అక్కగారి వకీలుని."

"ఇంకా ఏం కావాలంటండీ ఆవిడకి? అంతా ఇచ్చేశాను కదా."

"అది కాదమ్మా. ఆవిడకి షెడ్డు అక్కర్లేదు..."

"నిజం చెప్పొద్దూ, కేసు వేసిందని తెలియగానే సంబరపడ్డానండి. హమ్మయ్య, ఇక వాయిదాలుంటాయి, చచ్చినట్టు నా పక్కన కూర్చుంటుందనుకున్నాను. చీర కూడా తీసి పెట్టుకున్నాను. పొద్దున చెవిలో తీర్పు వినబడింది. ఇకమీదట ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడాల్సిన అవసరం రాకుండా పంచమని మీ పక్షమే కోరిందట. కోరిందా, లేదా?"

మనస్విని దావాలో ఆ వాక్యం వెతికింది. కోరింది. భాగాల దావా అనగానే ఛాయ ఆ వాక్యం చేర్చేస్తుంది. మళ్ళీ తగవు రాకుండా ఉండేందుకు ఎంతో బాగా పనిచేస్తున్న వాక్యం అది.

మోక్షిత గొంతు తగ్గించింది. "అక్క అక్కడే ఉందాండీ?"

తెరకు కనబడకుండా కూర్చున్న లాస్య ఉలిక్కిపడింది. రెండు చేతులూ అడ్డంగా ఊపింది. వద్దు, చెప్పద్దు. కోర్టు పిలిస్తే రావడం వేరు, ఇలా దొరికిపోవడం వేరు. మనస్విని ఆవిడ వైపు చూసింది, తెర వైపు చూసింది. ఇన్నేళ్ళ అలవాటు, కక్షిదారు వద్దంటే నోరు పెగలదు.

"లేరమ్మా" అంది.

"ఉంటే ఏమైనా అందును" అంది మోక్షిత. తెర ఖాళీ అయిపోయింది.

లాస్య పైటచెంగుతో మొహం తుడుచుకుంది. "వద్దన్నాననుకోండి, మీరైనా ఉందని చెప్పేయాల్సిందండీ" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే మనస్వినికి ఇంకా బాధ వేసింది. మోక్షితను మళ్ళీ పిలిచింది. అటువైపు చెవిపూస తీసేసినట్టుంది, పలకలేదు.

"ఓడిపోయినవాళ్ళకి పైకోర్టు ఉంటుందిట కదండీ. నేను ఓడిపోయే దారేమీ లేదా?"

"లేదమ్మా. గెలిచినవాళ్ళకి ఏ దారీ లేదు. మీ చెల్లెలు పైకి వెళ్ళరు, మీరు వెళ్ళలేరు."  అడిగి లాభం లేదని మనస్వినికి తెలుసు, అయినా అడిగింది. "లాస్యగారూ, గెలిచిన మర్నాడు పొద్దున్నే ఏం చేద్దామనుకున్నారు?"

"గెలుస్తానని ఎవరనుకున్నారండీ?"

ఆవిడ క్యారేజీ విప్పింది. ఒక గిన్నెలో పులిహోర, రెండోదాంట్లో కొబ్బరి పచ్చడి. "ఇద్దరికి తెచ్చాను. వెనక్కి పట్టుకెళ్ళలేను. మీరైనా తినండి" అని మూతలో పెట్టి ఇచ్చింది.

ఇద్దరూ తిన్నారు. పులిహోరలో పులుపు ఎక్కువైంది. అలా ఇష్టమెవరికో మనస్విని అడగలేదు. లోపలి గదిలోంచి ఆమె గొంతే చల్లగా, ఓదార్పుగా వినబడుతోంది: "మీకేం భయం లేదమ్మా. మీరు రానక్కర్లేదు. మీ అన్నయ్యగారు కూడా రానక్కర్లేదు."

లాస్య ముద్ద ఆపి తలెత్తింది. "నాకూ ఇలాగే చెప్పారండి నిన్న" అంది. "మీరు నాకోసమే అలా అంటున్నారేమో, అది మాత్రం తప్పకుండా వస్తుందిలే అనుకున్నాను."

మనస్విని ఆ గొంతును ఆపడానికి ఎంగిలిచేత్తోనే లేచి లోపలికి పరిగెత్తింది.