పోర్టో సెరీనాలో మైక్ టెస్ట్

హైదరాబాద్‌లోని ఆ ఆఫీసుకు బోర్డు లేదు. ఆ మధ్యాహ్నం కరెంటు కూడా లేదు. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బొగ్గు గనుల్లో పని ఆగింది, బస్సులు డిపోలు దాటడం లేదు.

డిప్యూటీ డైరెక్టర్ కమల ల్యాప్‌టాప్‌ను ఏజెంట్ రెడ్యా వైపు తిప్పింది. తెర మీద నీలం సముద్రం, కొండవాలున గులాబీ, పసుపు రంగుల ఇళ్లు, తెల్లటి పడవలు.

"పోర్టో సెరీనా. ఇటలీలో చిన్న ఊరు. మధ్యధరా తీరం."

"సబ్బు ప్రకటన లెక్క ఉన్నది మేడమ్."

కమల నవ్వలేదు. పై వరుసలో ఉన్న పసుపు విల్లా మీద వేలు పెట్టింది. అందులో ఉండేవాడు మార్సెలో ఫెర్రాంటి, బొగ్గు ఓడల వ్యాపారి. వాడి ముఠా భూపాలపల్లిలో ఏదో ఒక గని దగ్గర బాంబు పెట్టింది. అది పేలగానే సమ్మెకారుల పేరుతో ఒక ఆడియో టేపు టీవీ ఛానెళ్లకు చేరుతుంది. గని నెలల తరబడి మూతపడుతుంది. కరెంటు ప్లాంట్లు బొగ్గు కోసం ఫెర్రాంటి ఓడల వైపు చూస్తాయి. ఉద్యమానికి మాత్రం హంతకుల ముద్ర మిగులుతుంది. బాంబు ఎక్కడుందో, ఎప్పుడు పేలుతుందో తెలియదు.

టేపులో మాట్లాడడానికి ఫెర్రాంటి హైదరాబాద్ నుంచి ఒక డబ్బింగ్ ఆర్టిస్టును పిలిపించుకున్నాడు. పొద్దున ఎయిర్‌పోర్టులో కమల మనుషులు అతణ్ణి పట్టుకున్నారు. సినిమాల్లో రౌడీల అనుచరులకు తెలంగాణ యాసలో గొంతు అరువిచ్చి బతికిన మనిషి. హైదరాబాద్ దాటి తెలంగాణలో మరో ఊరు చూసిన పాపాన పోలేదు. అతని బదులు రెడ్యా వెళ్లాలి.

"అంటే, నాలెక్క మాట్లాడినట్టు నేనే యాక్టింగ్ చెయ్యాలె," అన్నాడు రెడ్యా.

"అక్కడ విజయ ఉంటుంది, ఫెర్రాంటి సెక్రటరీ. జనగామ అమ్మాయి. రెండేళ్లుగా మనకు కబుర్లు అమ్ముతోంది."

"నమ్మొచ్చునా?"

"మనకు అమ్మేది వాడికి అమ్మదా?"

రెడ్యా ఒక్కటే షరతు పెట్టాడు. అతనిది మరిపెడ దగ్గరి తండా. అక్క తారి భూపాలపల్లి గని కార్మికుల క్వార్టర్లలో ఉంటుంది. బావ మాన్‌సింగ్ గనిలో పంపు ఆపరేటర్. సమ్మె అయినా పంపులు ఆగితే గని నీళ్లతో నిండిపోతుంది కాబట్టి అతను ఎమర్జెన్సీ డ్యూటీకి దిగుతూనే ఉన్నాడు. విల్లాలో తెలుగు, ఇంగ్లిష్, ఇటాలియన్ మూడూ ప్రమాదమే. రెడ్యాకు మిగిలింది తండా భాష, లంబాడీ. అది అర్థమయ్యే మనిషి అవతలి లైన్లో ఉండాలి. భూపాలపల్లి ఠాణాలో తారిని ఫోన్ పక్కన కూర్చోబెట్టమన్నాడు.

తారి వచ్చింది గాని కూర్చోలేదు. మొన్న గని గేటు దగ్గర లాఠీలతో తరిమిన పోలీసులే ఇవాళ కుర్చీ వేస్తే, దానివైపు ఒక్కసారి చూసి నిలబడే ఉంది.

*

పోర్టో సెరీనా ఫోటోలో ఉన్నట్టే ఉంది. అదే దాని జబ్బు అనుకున్నాడు రెడ్యా. చూపించుకోవడం తప్ప ఆ ఊరికి మరో పని ఉన్నట్టు లేదు. గోడలకు రంగులు, కిటికీలకు పూలకుండీలు, రేవులో కదలని పడవలు. చేపలు పట్టేవాళ్లు కనబడలేదు. వలలు మాత్రం హోటళ్ల గోడలకు అలంకారంగా వేలాడుతున్నాయి. ఎండ కోసం విమానమెక్కి వచ్చిన జనం ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నారు. భూపాలపల్లి ఎండను వీళ్లకు ఉచితంగా పంపినా బాగుండేదనిపించింది.

వాళ్ల మధ్యే పెద్ద టోపీ పెట్టుకుని అతని తోటి ఏజెంట్ ఇరం కూర్చుంది. ఆమె సంచిలో రిసీవర్ ఉంది. రెడ్యా కోటు గుండీలో మైక్. అతను మాట్లాడిన ప్రతి మాటా ఇరం ద్వారా భూపాలపల్లి ఠాణాకు చేరుతుంది. ఇటలీ పోలీసులు చర్చి వెనక వ్యానులో ఉన్నారు. టార్గెట్ తెలిసేదాకా, బాంబు చేతికి చిక్కేదాకా తలుపు తట్టొద్దని కమల ఆజ్ఞ.

విల్లా వసారాలో ఫెర్రాంటి నిమ్మరసం తాగుతున్నాడు. రెడ్యాకు చెయ్యి అందించలేదు.

"బూపా... పాలీ," అన్నాడు విజయతో, నాలుక మడతపడి. "ఏదైతేనేం, తొందరగా కానివ్వు."

పేల్చేసే ఊరి పేరు కూడా పలకలేని మనిషిని రెడ్యా అంతకుముందు చూడలేదు. పగ పట్టినవాడైనా పేరు నేర్చుకుంటాడు. వీడికి ఆ మాత్రం శ్రమ కూడా బరువే.

విజయ తెల్ల పట్టు గౌనులో, నల్ల కళ్లద్దాలతో వచ్చింది. జనగామ ఆమె గొంతులో ఎక్కడా మిగల్లేదు. రికార్డింగ్ గదిలోకి తీసుకెళ్లి ఒక కాగితం చేతిలో పెట్టింది. రెడ్యా చదివాడు. గని పేరుతో సహా, దాని గేటు పక్కనున్న పంపు హౌస్‌ను సమ్మెకారులమైన మేమే పేల్చినం అని ఉంది.

ఆ పంపు హౌస్‌లోనే మాన్‌సింగ్ డ్యూటీ. దాని ముందు ఖాళీ జాగాలో కార్మికుల కుటుంబాలు వంటావార్పు చేస్తున్నాయి, సాయంత్రం ఆడవాళ్లంతా బతుకమ్మలు అక్కడికే తెస్తారు. ఇక్కడి మధ్యాహ్నం అక్కడ సాయంత్రమే.

"ఎప్పుడు?" అన్నాడు మామూలుగా.

"నువ్వు చదవడం అయిపోగానే ఆయన ఫోన్ కొడతాడు. అక్కడ అది మోగితే అంతే."

రెడ్యా కోటు సర్దుకుని మైక్ ముందు నిలబడ్డాడు. నాలుక సాగడానికి డబ్బింగ్ వాళ్లు ముందు నాలుగు పిచ్చి మాటలు మాట్లాడుకుంటారని, అది మైక్ టెస్ట్ అని చెప్పాడు. తర్వాత తండా భాషలో, పాట వరసలో, అక్కకు చెప్పవలసింది చెప్పాడు. బాంబు పంపు హౌస్‌లో ఉందని, బావను, జనాన్ని దూరం తీసుకుపొమ్మని, దానికి ఒక ఫోన్ కట్టి ఉంటుందని, అది మోగకముందే తీగలు కోయించమని.

పాట ఆగింది. విజయ కళ్లద్దాలు తీసి అతని వైపు చూసింది. ఆ చూపుతో రెడ్యాకు అర్థమైంది. జనగామ సంతలో పెరిగిన పిల్లకు లంబాడీ మాట చెవిన పడకుండా ఉండదు. అంతా కాకపోయినా కొంత తెలిసింది. వసారాలో ఫెర్రాంటి గొంతు వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక చాలు.

ఆమె కేక వేయలేదు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "టేక్ వన్," అంది.

రెడ్యా చదివాడు. తల్లి దగ్గర నేర్చుకున్న యాసలో, ఊళ్లో మాట్లాడినట్టే చదివాడు.

"ఇది పనికిరాదు," అంది విజయ. "ఇంకా గట్టిగా, మొరటుగా. గిట్ల, గట్ల మాటకు ముందొకటి వెనకొకటి రావాలి. ఛానెళ్లవాళ్లకు సినిమా తెలంగాణే తెలుసు. నిజంది వింటే నమ్మరు."

రెడ్యాకు అంతకంటే ఏం కావాలి? టేకు మీద టేకు తీయించాడు. ఒకసారి దగ్గాడు, ఒకసారి వరస తప్పాడు, ఒకసారి మరీ మొరటుగా అరిచి తనే బాగా రాలేదన్నాడు. తన భాషను తనే అంత వికారం చేయవలసి రావడం ఎంత రోత పుట్టించినా, ఆ రోతను నిమిషాలుగా మార్చుకున్నాడు.

*

భూపాలపల్లిలో తారి పాటంతా విని రిసీవర్ ఎస్సై చేతిలో పెట్టి గుమ్మం దాటింది. ఏమందో చెప్పమని వెంటపడిన ఎస్సైని జీపు తియ్యమంది. దారి పొడవునా విన్నది చెప్పింది. గని గేటు దగ్గర పోలీసుల మాట ఎవరూ వినలేదు. తారి మాట విన్నారు. ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని రోడ్డు అవతలికి పోయారు. మాన్‌సింగ్, అతని తోటివాళ్లు బయటికి వచ్చారు. ముందే సిద్ధంగా ఉంచిన బాంబు స్క్వాడ్ మోటారు వెనక పెట్టెను కనిపెట్టి, మూత విప్పి తీగలు ఒక్కొక్కటే కోయసాగింది.

*

ఫెర్రాంటి ఓపిక చచ్చిపోయింది. గదిలోకి వచ్చి, ఉన్న టేపు చాలని చెప్పి, శాటిలైట్ ఫోన్‌లో నంబర్ నొక్కాడు. పేలుడు చెవులారా వినాలనే సరదాతో స్పీకర్ ఆన్ చేశాడు. రెడ్యా అడుగు వేయబోయాడు. విజయ చేతిలో చిన్న పిస్తోలు అతని వైపు లేచింది.

భూపాలపల్లిలో ఆఖరి తీగ తెగడం, ఫోన్ మోగడం ఒక్కసారే జరిగాయి. స్క్వాడ్ వాళ్లు ఒక్క అడుగు వెనక్కి వేశారు. వద్దంటున్నా వినకుండా వచ్చి నిలబడిన తారి ముందుకు వంగి ఆ ఫోన్ ఎత్తింది.

"ఎవలు మాట్లాడేది?"

విల్లాలో స్పీకర్‌లోంచి ఆ గొంతే వినిపించింది.

"ఎవల్రా? బతుకమ్మ ఆడేటోళ్లను సంపనీకె ఫోన్ జేసినవా? నీ పేరేంది?"

ఏమంటోందని ఫెర్రాంటి విజయను అడిగాడు.

"మీ పేరు అడుగుతోంది," అంది విజయ.

ఆ క్షణంలో పిస్తోలు రెడ్యా వైపు నుంచి మెల్లగా ఫెర్రాంటి వైపు తిరిగింది. గుండీ మైక్‌లో తారి గొంతు విన్న ఇరం అప్పటికే పోలీసులను కదిలించింది. బూట్ల చప్పుడు మెట్లెక్కి వచ్చింది. ఫెర్రాంటి చేతులకు సంకెళ్లు వేస్తుంటే, తాను మర్యాదస్తుణ్ణని వాళ్లకు చెబుతూనే ఉన్నాడు.

విజయ రెడ్యా దగ్గరికి వచ్చింది. ఈసారి జనగామ యాస ఆమె గొంతులోకి తిరిగొచ్చింది.

"అన్నా, నువ్వు మాట్లాడింది నాకు సమజైంది. అయినా గమ్మునున్న. కమల మేడమ్‌కు గది చెప్పు."

"చెప్త," అన్నాడు రెడ్యా. "బాంబు పేలి ఉంటే వానికి ఇంకో మాట చెప్తుంటివి, నీకేం సమజు కాలేదని."

పోలీసులు ఆమె చేతిలోని పిస్తోలు కూడా తీసుకున్నారు.

విమానానికి ఇంకా టైముంది. రెడ్యా రేవు గట్టు మీద కూర్చుని అక్కకు ఫోన్ చేశాడు. బావ బాగున్నాడని, పంపులు మళ్లీ నడుస్తున్నాయని, బతుకమ్మ ఆట ఆలస్యమైనా ఆగలేదని తారి చెప్పింది. తర్వాత అతనున్న ఊరు ఎట్లుందని అడిగింది.

రెడ్యా తల తిప్పి చూశాడు. ఇసుకలో జనం పొద్దున పడుకున్నట్టే పడుకుని ఉన్నారు.

"సూడనీకె మంచిగనే ఉన్నది అక్కా. గాని పొద్దుగాల నుంచి ఒక్కలు గూడ పని జేసుడు కనపళ్లే."

తారి వెంటనే అడిగింది.

"మేం గూడ సమ్మెలనే ఉన్నం గద తమ్మీ. మరి వాళ్లేం అడుగుతున్నరు?"