మూడుసార్లు కొలిచిన మంచం

ఇల్లు మారేవాళ్ళంతా అబద్ధాలకోర్లే. "పెద్దగా సామానేం లేదండీ, ఉండేది ఇద్దరమే కదా" అంటారు ఫోన్లో. తీరా వెళ్ళి చూస్తే ఒక్క మంచం కిందే ఇంకో కాపురానికి సరిపడా సరంజామా ఉంటుంది. ఎప్పుడో కాలిపోయిన మిక్సీ, జత పోయిన చెప్పు, ఏ తాళానివో ఎవరికీ తెలియని తాళంచెవుల గుత్తి. వాటిని వెయ్యి కిలోమీటర్లు మోయించుకెళ్ళి, అక్కడ మళ్ళీ మంచం కిందే పెట్టుకుంటారు.

ఆ చెత్తంతా కొలిచి రాసుకోవడం నా ఉద్యోగం. ఇళ్ళ సామాను దూరప్రాంతాలకు చేరవేసే కంపెనీలో సర్వేయర్ని. మేం ఏమన్నా తక్కువా? "మీ సామాను మా ప్రాణం" అని లారీ మీద రాసుకుంటాం. ఆ ప్రాణాన్ని ఎలా విసిరేస్తామో లోడింగ్ రోజు చూడాలి.

ఆ రోజు తలుపు తీసిన అమ్మాయి పళ్ళ డాక్టరు. పదమూడు వందల కిలోమీటర్ల అవతల పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. తనను పెంచిన పిన్నితో కలిసి ఇల్లు మారుతోంది. నేను టేపు లాగి పని మొదలుపెట్టాను. వస్తువు కొలతతో పాటు దానికి అప్పటికే ఉన్న గీతలూ సొట్టలూ కూడా రాసుకోవాలి. లేకపోతే దించాక అన్నీ మేమే చేశామంటారు.

"సోఫా. పాతది. చిరుగులు రెండు. ఒక కాలు కుంటి," అని పైకి చదువుతూ రాశాను.

"పాతది అని రాయాలా?"

"కొత్తది అని రాస్తే ఆఫీసులో నవ్వుతారండీ."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "చొక్కా మీద ఇంకు మరక ఒకటి. కాలరు నలిగింది. పైవరస పన్ను ఒకటి విరిగింది. నేనేమైనా రాసుకున్నానా, టేపుగారూ?"

నోరు మూసుకున్నాను. పన్ను కనబడకుండా ఉండాలని కూడా.

వంటింట్లో గిన్నెల స్టాండు దగ్గర అర అంగుళం తేడా కోసం పావుగంట వాదించుకున్నాం. చివరికి నేనే గెలిచాను. గెలిచి బయటికొచ్చాక తెలిసింది, ఇంకో పావుగంట వాదన సాగి ఉంటే బాగుండేదని.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదోరోజు ఫోన్ చేసి, "ఫ్రిజ్ ఎత్తు సరిగ్గా రాసుకోలేదండీ, మళ్ళీ చూడాలి" అన్నాను. నా అంత చవకబారు సాకు ఇంకొకడు చెప్పి ఉంటే చెడామడా వెక్కిరించేవాణ్ణి. వెళ్ళేసరికి దారిలో వాన దంచికొట్టింది. ఆమె తువ్వాలు నా మీదికి విసిరింది.

"ఫ్రిజ్ కోసం ఇంత తడిసి వచ్చారా? మీ కంపెనీలో గొడుగులు కూడా సర్వే చేశాకే ఇస్తారా?"

ఫ్రిజ్ కొలిచాను. మంచం కూడా కొలిచాను. పిన్నిగారు కుర్చీలో కూర్చుని వార్తాపత్రిక అంచు మీదనుంచి నన్నే చూస్తున్నారు.

మరో వారానికి ఈసారి ఆమే ఫోన్ చేసింది. పుస్తకాల అర ఒకటి కొన్నదట, లిస్టులో చేర్చాలట. వెళ్ళాను. అర రేపు వస్తుందంది. సరేలెమ్మని ఆమె చెప్పిన కొలతలే రాసుకుని, వచ్చిన పాపానికి మళ్ళీ మంచం కొలిచాను.

ఇక్కడే నా కొంప మునిగింది. మా కంపెనీలో సర్వే చేసిన ప్రతిసారీ కొత్త కాగితం పుడుతుంది. పాత కాగితాన్ని రద్దు చేయాలి. రద్దు చేస్తే, 'కారణం' అనే గడి నింపాలి. ఆ గడిలో ఏం రాయను? అందుకని రద్దు చేయలేదు. ఖాళీగా ఉన్న గడులు చూసి ఆఫీసు వాళ్ళు, ఈ ఇంట్లో ఒకదాని తర్వాత ఒకటి సామాను బయటపడుతోందనుకుని మూడు లిస్టులూ కలిపేశారు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆమె నుంచి ఫోన్. "టేపుగారూ, ఒకసారి వచ్చి వీధి చివర చూడండి."

వెళ్ళి చూద్దును కదా, ముప్పై రెండడుగుల కంటైనర్! రెండు గదుల ఇంటికి. మా వాళ్ళు దాన్ని వీధిలో దూర్చడానికి చూసి, కరెంటు తీగల దగ్గర ఆగిపోయారు. జనం పోగయ్యారు.

"మా సామానుతో పాటు ఈ వీధిని కూడా తీసుకెళ్తారా?" అంది ఆమె. నవ్వలేదు. "పన్నెండింటికి కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళు దిగుతారు. సాయంత్రం మా రైలు. సోమవారం నేను డ్యూటీలో చేరాలి. చేరకపోతే వేరే వాళ్ళను తీసుకుంటామని ముందే చెప్పారు. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

గొంతు వణికింది. ఆమె గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. దానికి కారణం నేను.

మేనేజరుకి ఫోన్ చేశాను. మా మేనేజరుకి కొండ కూలినా ముందు కాగితం కావాలి. "గోడౌన్లో పద్నాలుగడుగుల బండి ఉంది. తొమ్మిదిన్నరకి వేరే పార్టీకి వెళ్ళిపోతుంది. నీకు కావాలంటే అదనంగా ఉన్న ఆ రెండు లిస్టులూ రద్దు చేసి, కారణం రాసి, కస్టమర్ సంతకంతో ఫొటో పంపు. అప్పుడే కదుపుతా."

అప్పటికే తొమ్మిదీ అయిదు. అట్టపెట్టె మీద కాగితం పెట్టి, 'కొలతల్లో పొరపాటు' అని రాసి ఆమెకిచ్చాను.

ఆమె చదివి తిరిగిచ్చేసింది. "మీ కొలతల్లో పొరపాటు లేదు. అర అంగుళం కోసం నా బుర్ర తిన్న మనిషి మీరు. అబద్ధం మీద నేను సంతకం పెట్టను."

"టైము లేదండీ!"

"అయితే త్వరగా నిజం రాయండి."

కూలీలు చూస్తున్నారు. డ్రైవరు చూస్తున్నాడు. పిన్నిగారు అరుగు మీద కూర్చుని తీరిగ్గా చూస్తున్నారు. ఊళ్ళో అందరి లోపాలూ రాసే నాకు నా సంగతి ఒక్క వాక్యం రాయడానికి చెమటలు పట్టాయి. కొట్టేసి మళ్ళీ రాశాను.

ఆమె తీసుకుని గట్టిగా చదివింది. "రెండో సర్వే, మూడో సర్వే అవసరం లేదు. ఈమెను చూడాలనిపించి వెళ్ళాను."

డ్రైవరు దగ్గాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఇది కాగితం మీద రాసేదాకా తెలియలేదుటే నీకు?" అన్నారు పిన్నిగారు. "మంచం మూడుసార్లు కొలవడానికి అదేమన్నా పెరిగే పిల్లా?"

ఆమె నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. 'మూడో సర్వే' అన్న మాటల్ని అడ్డంగా కొట్టేసి, కింద ఏదో రాసి సంతకం పెట్టి, ముఖం తిప్పేసుకుని కాగితం నాకిచ్చింది.

'మూడోసారి నేనే పిలిచాను. పుస్తకాల అర ఏదీ కొనలేదు.'

రెండుసార్లు చదివాను. ఇన్నాళ్ళూ లేని అరకు పొడవూ వెడల్పూ రాసుకున్న ఘనుణ్ణి నేనన్నమాట!

"ముందు ఫొటో తీసి పంపండి, తర్వాత మురిసిపోదురుగాని," అంది.

పంపాను. మేనేజరు "బండి బయల్దేరింది" అని మాత్రం మెసేజ్ పెట్టాడు.

పద్నాలుగడుగుల బండి వచ్చింది. పదకొండున్నరకల్లా అంతా సర్దేశాం. జన్మలో మొదటిసారి నేను కూడా పెట్టెలు మోశాను. ఆమె ఖాళీ గది మధ్య నిలబడి ఉంటే నాకు దుఃఖం వచ్చింది. పదమూడు వందల కిలోమీటర్లని బిల్లుల మీద ఎన్నోసార్లు రాశాను కానీ, అది ఎంత దూరమో ఆ గదిలోనే తెలిసింది.

"మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు," అన్నాను.

"నాకు వెళ్ళడం ఇష్టం. ఎన్నేళ్ళో చదివాను దీనికోసం. మీకోసం మానుకుంటాననుకున్నారా?"

"అనుకోలేదు. అక్కడ మా బ్రాంచి ఉంది. వాళ్ళకీ సర్వేయర్లు కావాలట. అడుగుతాను."

"అడగడానికి ఇన్నాళ్ళు పట్టిందా?" అని విసుక్కుంది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

వెనకనుంచి పిన్నిగారు కలగజేసుకున్నారు. "బ్రాంచి సంగతి తర్వాత. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు బాబూ?"

"అమ్మ ఉందండీ."

"వచ్చే ఆదివారం ఆవిణ్ణి తీసుకుని అక్కడికి రా. కూర్చుని మాట్లాడుకుందాం."

"అంత దూరం రావాలి," అంది ఆమె నాకేసి చూసి. "వస్తానని చెప్పి రాకపోవడం మీ కంపెనీకి అలవాటేగా?"

"వస్తాను," అన్నాను.

ఈ ఉద్యోగంలో చేరాక ఒక కస్టమరుకి నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన మొదటి మాట అదే.