ఏ గ్లాసులో ముంచినా 0.82

సహన ఫ్లోరైడ్ మీటర్ ఎలక్ట్రోడ్ కొనను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి టిష్యూతో అద్దుతోంది. రుద్దితే రీడింగ్ చెడుతుంది. ఆ సంగతి నేర్పింది అర్పిత. గురి చూసి కాల్చడం నేర్పిందీ అర్పితే.

బాగేపల్లి దగ్గర పల్లెలో హనుమక్క ఇల్లు అది. టైము పది. పదకొండుకు నీటి అధికారి పురుషోత్తమ్ ఇక్కడికే వచ్చి సంతకం పెడతాడు. పెడితే రేపటి నుంచి కొత్త బోరు నీళ్ళు ఊరి కొళాయిల్లోకి వస్తాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న పాత బోరు నీళ్ళు తాగి తాగి హనుమక్క భర్త సీనప్ప నడుము వంగిపోయింది. అరుగు మీద కూర్చున్న ఆయన మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి.

నిఘా విభాగం చీఫ్ గోవిందప్ప బ్రీఫింగ్ చిన్నది. ‘ఓర్విక్స్’ అనే విదేశీ ముఠా దొంగ ఫ్లోరైడ్ మీటర్లు అంటగడుతోందని అనుమానం. సహన ల్యాబ్ టెక్నీషియన్ వేషంలో వెళ్ళాలి. ముఠాలో మన మనిషి ముందే ఉంది. సేల్స్ మేనేజర్ వేషంలో అర్పిత. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. నాలుగు నెలలుగా ఆమె పంపిన రిపోర్ట్ ఒకటే. మెషీన్ క్లీన్.

నిన్న సాయంత్రం సహన, ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన ద్రావణాలతో ఓర్విక్స్ మెషీన్‌ను సరిచూసి లాక్ వేసింది. పాస్‌వర్డ్ అర్పితకు మాత్రమే చెప్పింది.

ఇప్పుడు హనుమక్క తెచ్చిన నీళ్ళను బీకర్లో పోసి, బఫర్ ద్రావణం కలిపి, అంకె నిలిచేదాకా ఓపికగా చూసింది. 0.82. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకపోతే చాలు. పాస్.

సహన సీనప్ప నడుము వైపు చూసింది. ఇవి కొత్త బోరు నీళ్ళేనా అని అడిగింది.

“బోరువి కాదు పాపా. ఆఫీసరు వస్తాండాడు, ఆ ఉప్పు నీళ్ళిస్తే మర్యాదగా ఉంటాదా? ఫిల్టర్ క్యాన్ తెప్పించి పోసినా.”

ఫిల్టర్ నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండకూడదు. సహన తనే వెళ్ళి కొత్త బోరు నీళ్ళు పట్టుకొచ్చింది. 0.82. డిస్టిల్డ్ వాటర్. అదీ 0.82. ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే మిల్లీవోల్టులు మాత్రం ప్రతిసారీ మారుతున్నాయి. ఎలక్ట్రోడ్ నిజమే చెబుతోంది. తెరకే ఎవరో ఒకటే అంకె నేర్పారు. నిన్న రాత్రి లాక్ తీసి.

పదిన్నరకు పెన్ను ట్రాన్స్‌మిటర్ నోటి దగ్గర పెట్టుకుని గుర్తు మాట అడిగింది.

“వాన యాడికొచ్చింది?”

“గుడిబండ దాటింది,” అన్నాడు గోవిందప్ప.

“గొడుగుకు చిల్లు పడింది సార్.”

సొంత మనిషే ద్రోహి అని దాని అర్థం. నాలుగేళ్ళలో ఆ కోడ్ ఎవరూ వాడలేదు.

పదకొండుకు పది నిమిషాలుండగా అర్పిత అధికారితో దిగింది. సహన భుజం తట్టి, బాగా చేశావంది. పురుషోత్తమ్ తెర మీద 0.82 చూసి, హనుమక్క ఇచ్చిన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి పెన్ను తీశాడు. సంతకంలో మొదటి అక్షరం పడింది.

సహన ఆయన మజ్జిగలో ఎలక్ట్రోడ్ ముంచింది.

“సార్, మజ్జిగ కూడా పాసయింది.”

పెన్ను ఆగింది. తెర మీద 0.82. సహన టిఫిన్ క్యారియర్ తెరిచి తన పాత మీటర్ బయటికి తీసి, బోరు నీళ్ళలో పెట్టింది. ఆయన ఎదుటే అంకె నిలిచింది. 4.6. పురుషోత్తమ్ కాగితాన్ని అడ్డంగా చింపాడు.

అరుగు దగ్గర జీపు ఆగింది. గోవిందప్ప పంపిన ఇద్దరు మఫ్టీలో దిగారు.

“ఎందుకక్కా?” అని మాత్రం అడిగింది సహన.

అర్పిత కళ్ళద్దాలు పెట్టుకుంది. గడప దాటింది. వాళ్ళిద్దరి మధ్య నడిచి వెళ్ళిపోయింది.

“ఆయమ్మ నీకేమవుతాది పాపా?” అంది హనుమక్క.

“పొద్దున పదిన్నర దాకా, అక్క.”